చేపల్ని నిద్రపుచ్చిన సిస్టరమ్మ

మా మేనత్తను సమాధి చేసిన రోజున పాస్టరుగారు చాలా బాగా మాట్లాడారు. ఆసుపత్రి థియేటర్లో ఆమె చేసిన సేవ గురించి, పెళ్ళి మాట తలపెట్టకుండా తమ్ముళ్ళ పిల్లల్ని చదివించడం గురించి, ఆదివారం ఎంత వాన కురిసినా గుడికి అందరికంటే ముందు రావడం గురించి చెప్పారు. ఆమె చేయి పట్టుకుని కళ్ళు మూసుకున్నవాళ్ళు, మళ్ళీ ఆమె గొంతు విని కళ్ళు తెరిచినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఊరికొకరైనా ఉంటారన్నారు. అంతా నిజమే.

సమాధుల తోట గోడ వారన మాత్రం కొందరు మగవాళ్ళు, ఎగ్గట్టిన లుంగీలు దించుకుని, తలగుడ్డలు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. వలలు లాగేవాళ్ళు, చెరువులు కౌలుకి చేసేవాళ్ళు. రాజాం నుంచి వచ్చినవాళ్ళున్నారు, శృంగవరపుకోట నుంచి వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళెవరో ఆసుపత్రి వాళ్ళకి తెలియదు. పాస్టరుగారి మాటల్లో చేపల ఊసు ఎక్కడైనా వస్తుందేమోనని వాళ్ళు చివరిదాకా ఎదురుచూశారు. రాలేదు. తలా గుప్పెడు మట్టి వేసి వెళ్ళిపోయారు.

ఆ ఊసు చెప్పవలసినవాణ్ణి నేనే. ఇంకెవరికీ పూర్తిగా తెలియదు.

మాకు ఆమదాలవలస అవతల నాగావళి ఒడ్డున చేపపిల్లల ఫారం ఉంది. బొచ్చె, శీలవతి, ఎర్రమోసు తల్లిచేపల్ని పెంచి, వానలు పడ్డాక వాటిచేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని చెరువుల వాళ్ళకి ఇస్తాం. తల్లిచేప అంటే కూరకి తెచ్చుకునే చేప కాదు. ముదురు బొచ్చె ఆడది చంకనెత్తుకున్న పిల్లంత బరువుంటుంది, ఆ బరువంతా కండే. గుడ్లు పెట్టాలంటే దానికి హార్మోను సూది వెయ్యాలి. సూది వెయ్యాలంటే నీళ్ళలోంచి పైకి తియ్యాలి. తియ్యడం దగ్గరే వస్తుంది తంటా.

అత్త రిటైరై ఆసుపత్రి క్వార్టరు ఖాళీ చేసి మా ఇంటికి వచ్చింది. పొడుగు మనిషి. సన్నంచు తెల్ల నేత చీర, తాడు కట్టిన కళ్ళజోడు. వాచీ మాత్రం అందరిలా పెట్టుకునేది కాదు, ముఖం అరచేతి వైపుకి తిప్పి కట్టుకునేది. నాడి పట్టుకుంటే మణికట్టు తిప్పకుండానే ముల్లు కనబడాలి కదా. ఉద్యోగం అయిపోయినా ఆ వాచీ మళ్ళీ బయటివైపుకి తిరగలేదు. ఎవరైనా టైమెంతమ్మా అని అడిగితే, భిక్ష అడుగుతున్నట్టు అరచెయ్యి పైకి చాచి చూసి చెప్పేది.

గర్వం ఉన్న మనిషి. దాన్ని దాచుకునేది కాదు. "మత్తు డాక్టరు సూది ఏసీసినా, నేను తలూపితేగానీ పెద్ద డాక్టరు కత్తి పట్టేవాడు కాడు" అని ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. విన్నవాళ్ళు నవ్వితే ఇంకోసారి చెప్పేది.

ఒక సాయంత్రం గాలి కోసమని ఫారానికి వచ్చి, గట్టు మీద ప్లాస్టిక్ ట్రే బోర్లించుకుని కూర్చుంది. ఆ వేళ మేం సూదులు వేస్తున్నాం. మా వలల మేస్త్రి అప్పన్న నడుం లోతు నీళ్ళలో నిలబడి పెద్ద బొచ్చెనొకదాన్ని వాటేసుకుని పైకెత్తాడు. అది ఒక్క గుంజు గుంజి తోకతో అతని మూతి మీద కొట్టింది. పెదవి చిట్లింది. చేప చేతుల్లోంచి జారి గట్టు రాళ్ళ మీద పడి, పొలుసులు రాలేలా కొట్టుకుంది. ఇద్దరు మీద పడి అదిమేసరికి దాని మూతి కూడా పగిలింది.

అత్త లేచి వచ్చి, ముందు అప్పన్న గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పింది.

"దీనికి కుట్లు పడతాయి. పద, ఏసేస్తాను" అంది. తర్వాత చేప వైపు చూసింది. "మరి దానికెవులేస్తారు?"

అప్పన్న రక్తం ఉమ్మేసి నవ్వాడు. "అది సేపమ్మా. సేపకి కుట్లేటి?"

అత్త నవ్వలేదు. నా వైపు తిరిగింది. "ఒరే అల్లుడా, సూదెయ్యడానికి, గుడ్లకి కడుపు నొక్కడానికి, లారీ ఎక్కించడానికి, అన్నిటికీ మీరిలాగే కుస్తీ పడతార్రా? మా థియేటర్లో మెలకువ మీదున్న మనిషిని ఇలా పట్టుకుంటే బల్ల మీంచి దూకి పారిపోతాడు. మత్తివ్వరా దానికి."

పెద్ద చేపలకి లవంగ నూనెతో మత్తివ్వొచ్చని నేను శిక్షణ తరగతుల్లో విన్నాను. ఒక సీసా తెచ్చి అలమరలో పెట్టాను కూడా. మూత తియ్యడానికే ధైర్యం చాలలేదు. ఏళ్ళ తరబడి మేపిన తల్లిచేప, మందు కాస్త ఎక్కువైతే ఇక లేవదు. ఆ మాటే అత్తకి చెప్పాను.

"భయం మంచిదే. మోతాదు కట్టేవాడికి అదుండాల" అంది. "లేపడం సంగతి నాకొగ్గేయ్."

రాళ్ళ మీద పడి దెబ్బలు తిన్న ఆ బొచ్చె వారం తిరక్కుండానే ఒళ్ళంతా తెల్లగా బూజుపట్టి, కడుపు నిండా గుడ్లతో పైకి తేలింది. అత్త గట్టు మీద నిలబడి దాన్ని చాలాసేపు చూసింది. మర్నాడు పొద్దున్నే చీర కుచ్చిళ్ళు దోపుకుని ఫారానికి వచ్చేసింది.

అప్పటినుంచి అది ఆమె థియేటరు. టార్పాలిన్ తొట్లు రెండు పక్కపక్కన కట్టించింది. ఒకటి మత్తుకి, ఒకటి లేపడానికి. రెండోదాంట్లో శుభ్రమైన నీళ్ళు నిండి, గాలి గొట్టం బుడగలు కక్కుతుంటేగానీ మొదటిదాంట్లో చుక్క మందు పడనిచ్చేది కాదు. "పడుకోబెట్టే మంచం కంటే ముందు లేపే మంచం ఎయ్యాల" అనేది. ముందురోజు మేత పెట్టనిచ్చేది కాదు. "ఆపరేషనుకి ముందు కడుపు కాళీగా ఉండాల. మనిషికైతేనేటి, దీనికైతేనేటి" అని మేత బస్తా గదికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడివేసుకునేది.

నూనె ఊరికే పోస్తే నీటి మీద తేలిపోతుంది. అందుకని ముందు స్పిరిట్‌లో బాగా గిలకరించి, ఆ మిశ్రమాన్ని నీళ్ళలో కలిపేవాళ్ళం. ఫారమంతా లవంగాల ఘాటు. దారిన పోయేవాళ్ళు ఆగి, "ఈయేల పలావేటి?" అని అడిగేవాళ్ళు. మోతాదు కట్టడం నా పని. చూడడం ఆమె పని.

మందు నీళ్ళలో దించగానే చేప కాసేపు గింజుకుంటుంది. తర్వాత తూలుతుంది. మెల్లగా ఒక పక్కకి ఒరిగి తెల్లటి పొట్ట చూపిస్తుంది. తోక పట్టుకున్నా ఊరుకుంటుంది. చేపకి రెప్పలుండవు కనక ఎంత మత్తులో ఉన్నా కళ్ళు తెరుచుకునే ఉంటాయి. వాటిని చూసి లాభం లేదు. మొప్పమీది మూత తెరుచుకుంటూ మూసుకుంటూ ఉందా లేదా అన్నదే చూడాలి. అత్త ఎడమ చెయ్యి నీళ్ళలో చేప గొంతు కింద ఉండేది, కుడి అరచేతిలో వాచీ. మొప్ప కదిలినప్పుడల్లా పెదవులు కదిపేది. గొంతులో ఏదో కీర్తన రాగం, మాటల్లేకుండా సన్నగా మోగేది. ఆ రాగం ఆగిందంటే మేం చేపని లేపే తొట్టిలోకి మార్చెయ్యాలి. నోటితో చెప్పేదాకా ఆగకూడదు.

చేప మత్తులోకి పోయేటప్పుడు ఎవర్నీ గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు. "మత్తెక్కేవాళ్ళకి అన్నిటికన్నా ఆఖర్న పోయేవి చెవులు. పిచ్చిమాటలు వింటూ పడుకోకూడదు."

"సేపకి సెవులున్నాయేటమ్మా?" అన్నాడు అప్పన్న.

"దానికున్నాయో లేవో గాని నీకు నోరుంది కదా, అది ముయ్యి."

మొదటిసారి ఒక ఎర్రమోసుని అలా పడుకోబెట్టి, కళ్ళ మీద తడిగుడ్డ కప్పి, ఒక్క పొలుసు రాలకుండా సూది వేసి, లేపే తొట్టిలో పెట్టాం. అది కాసేపు సోలి, మెల్లగా నిటారుగా నిలబడి, ఒక చుట్టు తిరిగింది. అప్పన్న ఇంకా కుట్లు మానని పెదవి మీద వేలు పెట్టుకుని నిలబడిపోయాడు. "ఓలప్ప! సంటిపాపలాగ లేసింది!" అన్నాడు. ఆ రోజు నుంచి అతను ఆమెను అమ్మా అనడం మానేసి సిస్టరమ్మా అన్నాడు. ఊరంతా ఆ పిలుపే పట్టుకుంది.

ఆమె చేతిలోనూ తప్పు జరిగింది. మొదటి ఏడాదే, ఎండ పేలిపోతున్న ఒక మధ్యాహ్నం పెద్ద శీలవతి ఒకటి తొట్టిలోనే ఊపిరి ఆపేసింది. మోతాదు రోజూ వేసేదే. నీళ్ళు వెచ్చబడ్డాయి, దాంతో మందు తొందరగా లోపలికి పోయింది. అత్త దాన్ని మంచినీళ్ళలో పట్టుకుని చాలాసేపు ప్రయత్నించింది. చేప చేతుల్లోనే బిగుసుకుపోయింది.

మేమంతా ఎండనీ నీళ్ళనీ అనుకుంటుంటే ఆమె ఒప్పుకోలేదు. "ఎండేటి చేసింది? ఎండ ఎండ పని చేసింది. నేనే చూసుకోలేదు" అంది, పనివాళ్ళందరి ముందూ. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు తొట్టి అంచుకి గాజుగుడ్డ పీలికతో థర్మామీటరు ఒకటి వేలాడదీసింది. "జ్వరం చూడకుండా మత్తివ్వకూడదని నాకు తెలీదేటి? ఇక్కడ జ్వరం నీటికుంటాది. అంతే తేడా" అంది. ఆ తర్వాత పొద్దెక్కాక ఫారంలో మత్తు పని జరగలేదు. కొత్త నీళ్ళయితే ముందు ఒక్క చేపతో చూసి, అది లేచి తిరిగాకే రెండోదాన్ని ముట్టుకునేవాళ్ళం.

ఆమె మొండితనం ఒకటి చెప్పాలి. పక్క ఊళ్ళో ఒక పెద్దమనిషి ఇంట పెళ్ళి. ఆయన మనుషులు వచ్చి, మత్తులోంచి అప్పుడే లేస్తున్న బొచ్చెను చూసి ముచ్చటపడ్డారు. అంత చేప విందులో పడాలన్నారు. ఆ పెద్దమనిషితో నాకు అవసరాలున్నాయి. నేను నీళ్ళు నములుతుంటే అత్త అడ్డంగా వచ్చి నిలబడింది.

"మందెక్కిన చేప కూరకి పనికిరాదు. తినేవాళ్ళ ఒంట్లోకి పోతాది" అంది.

"లవంగాలే కదమ్మా! కూరలో ఎయ్యమేటి?" అన్నాడొకడు.

"మీ పెద్దాయనకి లవంగాలు కావాలంటే మసాలాలో దంచుకోమను. నా పేషెంటుని మాత్రం ఇవ్వను."

వాళ్ళు ఎర్రబడిన మొహాలతో వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఆ పెద్దమనిషే బండి మీద దిగాడు. నేను ఎదురెళ్ళాను. ఆయన తిన్నగా అత్త దగ్గరికి వెళ్ళి, "ఆ పేషెంటెక్కడమ్మా, ఓసారి సూద్దామనొచ్చాను" అన్నాడు. అత్త ఆయన్ని గట్టు మీద కూర్చోబెట్టి చేపని చూపించి, ఎందుకివ్వకూడదో చెప్పి, వేరే చెరువు నుంచి మందు తగలని చేపలు పట్టించుకోమని పంపింది. ఆయన నవ్వుకుంటూ వెళ్ళాడు. పెళ్ళికి మమ్మల్నందర్నీ పిలిచాడు కూడా.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను.

ఒక ఏడాది ఆషాఢంలోనే నాగావళికి పెద్ద నీరొచ్చింది. పైన ఒడిశా కొండల్లో ఎడతెరిపి లేని వానలు. పొద్దున్నే ఆటోలో మైకు పెట్టి చెప్పారు, పైనుంచి ఇంకా నీరు వదులుతున్నారు, పల్లం వాళ్ళు తప్పుకోవాలని. మా ఫారం పల్లంలోనే ఉంది. ఏటి నీరు గట్టు దాటిందంటే మనుషులు మెరక మీదికి పోగలరు. తల్లిచేపలు ఏట్లో కలిసిపోతాయి. సరిగ్గా గుడ్లు పండే అదను. ఒక్కొక్కదాని పొట్ట పట్టుకుంటే మెత్తగా, నిండుగా తగులుతోంది. వాటిని పోగొట్టుకుంటే ఆ ఏటి పిల్లలే కాదు, మళ్ళీ అంతటి చేపల్ని తయారు చెయ్యడానికి నాకు ఇంకో బతుకు కావాలి.

శృంగవరపుకోట దగ్గర కొండవాలులో నా స్నేహితుడికి చెరువుంది. ఫోను చేస్తే తెచ్చెయ్యమన్నాడు. లారీ దొరికింది. అప్పన్నే తల అడ్డంగా ఊపాడు.

"కడుపుతో ఉన్నోటిని అంత దూరమేటి బాబూ? లారీ కుదుపుకి ఎగిరెగిరి తొట్టి గోడలకి కొట్టుకుంటాయి. గుడ్లు సితికిపోతాయి. ఎల్లీసరికి బతికున్నవి ఉండవు."

అత్త ఏటి వైపు చూసింది, చేపల వైపు చూసింది. "నిద్రపోతూ వెళ్తాయి" అంది.

నేను మోతాదు లెక్క మొదలుపెడితే చెయ్యి పట్టుకుంది. "అది కాదురా. అది ఆపరేషను మత్తు. ఇది ప్రయాణం మత్తు. పడిపోకూడదు. బస్సులో నిలబడి కునికే మనిషిలాగుండాల. పడ్డాయంటే అడుగున ఒకదాని మీదొకటి పడి ఊపిరాడక పోతాయి."

ఆ లెక్కన చాలా తక్కువ మందు కలిపాం. చేపలు నీళ్ళలో నిటారుగానే ఉన్నాయి, మగతగా, ఎవరు ముట్టుకున్నా పట్టించుకోకుండా. తడిగుడ్డ ఊయలల్లో ఒక్కొక్కదాన్నే మోసి లారీ తొట్లలోకి దించాం. ఒక్కటి కూడా ఎగరలేదు. ఆక్సిజన్ సిలిండరు గొట్టాలు బిగించాం. అత్త లారీ వెనక నిచ్చెన పట్టుకుంది.

"అత్తా, నువ్వు ముందు కేబిన్‌లో కూర్చో. వాన పడతాది" అన్నాను.

"లోపల పేషెంటుంటే నర్సు వరండాలో కూర్చుంటాదేటి?" అని ఎక్కేసింది. తొట్లకి అడ్డంగా వేసిన పలక మీద కూర్చుని, నెత్తిన యూరియా గోనె కొప్పెర వేసుకుని, చెయ్యి నీళ్ళలో పెట్టింది. అప్పన్నా నేనూ ఆమెకి చెరో పక్క.

చిలకపాలెం దాటాం. రణస్థలం దాటాం. నాతవలస దగ్గర తిరిగి విజయనగరం మీదుగా పోయాం. వాన ఆగి ఆగి కురుస్తోంది. అత్త రాగం గాలిలో వినబడీ వినబడకుండా సాగుతూనే ఉంది. అంతా బాగానే పోతోందనుకున్నాను. జామి దాటాక లారీ ఆగిపోయింది. రోడ్డుకి అడ్డంగా పెద్ద చింతచెట్టు కూలి ఉంది. అటూ ఇటూ బళ్ళు బారులు తీరాయి. ఊరివాళ్ళు గొడ్డళ్ళతో కొమ్మలు నరుకుతున్నారు. కాండం కదిలేసరికి చాలాసేపే పట్టేలా ఉంది.

రాగం ఆగింది.

నేను తొట్లోకి చూశాను. పెద్ద బొచ్చె ఒరిగిపోతోంది. దాని వెనక ఇంకోటి. ఒకే నీళ్ళు, అంతసేపటి మందు, నురగ కట్టిన పైభాగం.

"మత్తు లోతుకి పోతన్నారు" అంది అత్త. "నీళ్ళు మార్చాల. ఇప్పుడే."

ఊళ్ళో కరెంటు లేదు, మోటారు ఆడదు. రోడ్డు పక్క ఇళ్ళ వరస వెనక నేలబావి కనబడుతోంది. ఎవర్ని అడగాలి, ఎలా అడగాలి అని నేను దిక్కులు చూస్తుంటే అత్త దిగేసింది. తడిసిన చీర బిగించుకుని మొదటి ఇంటి అరుగు ముందు నిలబడి, వార్డులో ఆయాల్ని పిలిచే గొంతుతో కేకేసింది.

"అమ్మా! లారీలో కడుపుతో ఉన్నోల్లున్నారు! ఊపిరాడతం లేదు! నీళ్ళు కావాల, బేగి రండి!"

ఆడవాళ్ళు ఇళ్ళలోంచి ఊడిపడ్డట్టు వచ్చారు. బిందెలతో కొందరు, దుప్పటితో ఒకామె. ఒక ముసలామె చేతికర్ర పారేసి మరీ వచ్చి, "నొప్పులు మొదలైపోనాయేటి?" అని అడిగింది. లారీ చక్రం మీద కాలేసి ఎక్కిన పిల్ల ఒకతె తొట్లోకి తొంగిచూసి, కొయ్యబారిపోయింది.

"ఓలమ్మో! సేపలే!"

బిందె చంకనున్న ఒకామె, "ఇంత వయసొచ్చి అబద్దమాడినావేటమ్మా?" అంది, కోపంగా.

"నేనా? అబద్దమా?" అత్త ముసలామె చెయ్యి పట్టుకుని లారీ వెనక మెట్టు ఎక్కించింది. ఆ చేతిని నీళ్ళలో ముంచి బొచ్చె పొట్ట కింద పెట్టించింది. "నువ్వే సెప్పు పెద్దమ్మా. ఏటుంది లోపల?"

ముసలామె చెయ్యి అక్కడే ఉంచింది. మొహం మారిపోయింది. కిందికి తిరిగి అరిచింది. "నిజివేనర్రా! నిండు సూలు! నోరెళ్ళబెట్టి ఏటి సూత్తన్నారు, తోడండి!"

అంతే. బావి నుంచి లారీదాకా ఆడవాళ్ళు వరసకట్టేశారు. బిందె చేతులు మారుతూ వస్తోంది. అడుగు గొట్టం తీసి నేను పాత నీళ్ళు వదులుతున్నాను. అప్పన్న పైనుంచి అందుకుని పోస్తున్నాడు. "ఎత్తు నుంచి పొయ్యి! ఇంకా ఎత్తు నుంచి! నీళ్ళలో గాలి కలవాల!" అని అత్త అరుస్తోంది. వానలో తడుస్తూ, ఒకరినొకరు హెచ్చరించుకుంటూ, నవ్వుకుంటూ, వాళ్ళు చెట్టు తొలిగేదాకా ఆగలేదు. లారీ కదులుతుంటే ఎవరో కేకేశారు. "పిల్లలు పుడితే మా సెరువులో ఎయ్యాల మరి!"

వేశాం. ఆ శ్రావణంలోనే అప్పన్నా నేనూ వెళ్ళి ఆ ఊరి చెరువులో పిల్లల్ని వదిలి వచ్చాం. ముసలామె అరుగు మీదే కూర్చుని ఉంది. సిస్టరమ్మ ఎందుకు రాలేదని మమ్మల్ని తిట్టింది.

ఆ రోజు కొండవాలు చెరువు చేరేసరికి ఇంకా వెలుగుంది. నా స్నేహితుడు మనుషుల్ని పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. చేపల్ని ఒక్కొక్కటిగా దించాం. కొత్త నీళ్ళు తగలగానే కాసేపు తడబడి, ఒకదాని తర్వాత ఒకటి లోతుకి జారిపోయాయి. చివరిది, అన్నిటికంటే పెద్ద బొచ్చె, దించిన చోటే వెల్లకిలా తేలింది. మొప్ప కదలడం లేదు.

అత్త కళ్ళజోడు తీసి నా చేతికిచ్చి చెరువులోకి దిగింది. రొమ్ము లోతు నీళ్ళు. చేప పొట్ట కింద ఒక చెయ్యి, గొంతు కింద ఒక చెయ్యి వేసి, కొండకాలవ వచ్చి చెరువులో పడే చోటికి దాని తల తిప్పింది. పారే నీరు నోట్లోకి పోయి మొప్పల్లోంచి బయటికి రావాలి. ఆ నీటికి ఎదురుగా నడిచింది. వెనక్కి తిరిగి వచ్చి మళ్ళీ ఎదురుగా నడిచింది. వెనక్కి లాగితే మొప్పలకి దెబ్బ, అందుకని చుట్టు తిరిగి వచ్చేది ప్రతిసారీ. ఎన్నిసార్లు తిరిగిందో. వాన మొహం మీద కొడుతోంది. డెబ్బైకి దగ్గర పడుతున్న మనిషి.

"ఇంక ఒగ్గేయండమ్మా" అన్నాడు నా స్నేహితుడు. "మిగతావన్నీ బతికినాయి కదా."

ఆమె తల తిప్పలేదు. నేను దిగబోయేంతలో అప్పన్న చొక్కా విప్పి పారేసి నీళ్ళలోకి దూకాడు. వెళ్ళి చేప నడుము తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఇద్దరూ కలిసి నడవడం మొదలుపెట్టారు.

మొప్ప ఒక్కసారి తెరుచుకుంది.

అత్త చెయ్యి పైకెత్తింది, అందర్నీ ఆగమన్నట్టు. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ తెరుచుకుంది. ఈసారి మూసుకుని, మళ్ళీ తెరుచుకుంది. అప్పుడు ఆమె చేప మీదికి వంగి మాట్లాడసాగింది. "లే తల్లీ, లే. అయిపోయింది. ఏమీ లేదు, అంతా అయిపోయింది. నేనున్నాను కదా, లే." నా చిన్నప్పుడు ఆమె థియేటర్లోనే నా కడుపు కోసి కుట్టాక చీకట్లోంచి నన్ను పైకి లాక్కొచ్చింది ఆ గొంతే, ఆ మాటలే. ఇన్నేళ్ళకి ఆ గట్టు మీద నిలబడి మళ్ళీ విన్నాను.

బొచ్చె ఒళ్ళు తిప్పి నిటారుగా నిలబడింది. ఒక క్షణం ఆమె చేతుల మధ్యనే ఆగింది. తర్వాత తోకతో ఇద్దరి మొహాల మీదా నీళ్ళు కొట్టి లోతుకి వెళ్ళిపోయింది.

అప్పన్న కేక కొండకి తగిలి తిరిగొచ్చింది. "సూసినారా! మా సిస్టరమ్మ! ఏటనుకున్నారు మరి!" అని ఆ ఊరివాళ్ళ మొహాల్లోకి ఒక్కొక్కరినే చూస్తూ అన్నాడు, ఆ చేపని తానే కన్నట్టు.

అత్తని చెయ్యి పట్టుకుని గట్టెక్కించాం. నా స్నేహితుడు తలగుడ్డ విప్పి రెండు చేతులా అందించాడు. "మీరు ఏ ఆసుపత్రిలో డాక్టరమ్మా?" అని అడిగాడు, ఎంతో మర్యాదగా.

అత్త మొహం తుడుచుకుంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. అయినా వెన్ను నిటారుగా నిలిపి, తడి కుచ్చిళ్ళు సర్దుకుని, ఆ మాట అక్కడున్న అందరికీ వినబడేలా చెప్పింది.

"డాక్టర్ని కాను. థియేటర్ నర్సుని."

ఆమెకు టీ ఇచ్చారు. గ్లాసు రెండు చేతులా పట్టుకుని, వేడిగా ఉందో చల్లారిందో కూడా చూసుకోకుండా, చెరువు మీద ఎక్కడైనా తెల్ల పొట్ట తేలుతుందేమోనని అలా చూస్తూనే ఉంది. వెలుగు పూర్తిగా పోయేదాకా మేం ఎంత బతిమాలినా ఆ గట్టు దిగలేదు. ఏదీ తేలలేదు.